పెళ్ళి గుర్రం ఎడమ కాలు

ఆ పెళ్ళిలో నన్ను మూడో బంతిలో కూర్చోబెట్టారు.

పెళ్ళికొడుకు మా మరిది కొడుకు. నేను వాడికి పెద్దమ్మను. మొదటి బంతిలో ఆడపెళ్ళివారు కూర్చున్నారు, సరే అనుకున్నాను. రెండో బంతిలో పలాస నుంచి వచ్చిన జీడిపప్పు వ్యాపారులు కూర్చున్నారు, అదీ ఓర్చుకున్నాను. ఎప్పుడు పిలుస్తారా అని పందిరి రాట పక్కన నిలబడి ఉన్న నన్ను చూసి నా తోటికోడలు, "మనం ఇంట్లోవోలం, మనకేటి తొందరక్కా" అంది. మూడో బంతి వచ్చేసరికి పనసకాయ కూర అయిపోయింది. ఉద్దానంలో, ఇంటి వెనక పది పనస చెట్లున్న వాళ్ళ పెళ్ళిలో, పనసకాయ కూర అయిపోయింది. అది జరిగి రెండేళ్ళు దాటింది. నా ముందు రెండు బంతుల్లో ఎవరెవరు మారు వడ్డించుకున్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

సాంబారన్నం సగంలో వదిలి, చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయాను. అక్కడ జనరేటరు పక్కన కొబ్బరి చెట్టుకు కట్టేసి ఉంది గుర్రం.

మా కవిటి వైపు ఈమధ్యే పెళ్ళికొడుకుని గుర్రం మీద ఊరేగించడం మొదలైంది. ఇచ్ఛాపురం అవతల ఒడియా వాళ్ళు చేసుకునే పద్ధతి, మెల్లగా మా తోటల్లోకి దిగింది. ఊరేగింపులో ఆ గుర్రాన్ని అందరూ చూశారు, సెల్లుల్లో ఫోటోలు తీసుకున్నారు. ఊరేగింపు అయిపోయాక దాని ముఖం చూసిన వాళ్ళు లేరు. ఆ పూట మా ఇద్దరి పరిస్థితీ ఒకటే.

తెల్ల గుర్రం, ఆడది. ఒంటి మీద ఎర్ర మఖమలు గుడ్డ, నెత్తిన ఈకల కుచ్చు. ఎడమ ముందు కాలు ముందుకు చాపి, గిట్ట కొస మాత్రం నేలకు ఆనించి నిలబడింది. గిట్టలు ఎన్నాళ్ళుగా కోయలేదో, ముందుకు పెరిగి పడవ ముక్కులా పైకి తిరిగాయి. మఖమలు గుడ్డ ఎత్తి చూశాను. వీపు మీద రెండు పుళ్ళు, పక్కటెముకలు ఒక్కొక్కటీ వేలుపెట్టి లెక్కపెట్టేలా ఉన్నాయి.

గుర్రం యజమాని పక్కనే కుర్చీలో పళ్ళు కుట్టుకుంటున్నాడు. దీని కాలికేమయిందని అడిగాను. నిన్నటిదాకా బాగానే నడిచిందన్నాడు. మరి వీపు మీద పుళ్ళేమిటన్నాను. అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి నవ్వాడు.

"ఏటమ్మా, బోయినం దొరకనేదా? ఆ కోపం నా మీద తీత్తన్నారు. పనసకాయ కూర బాగుంది, ఎళ్ళి తినండి."

అతనికి మొదటి బంతితో పాటే పెరట్లో పెట్టారని అప్పుడు తెలిసింది.

మా ఇల్లూ, మరిది వాళ్ళ ఇల్లూ ఒకే తోటలో ఉంటాయి. మధ్యలో కొబ్బరి మట్టల దడి. మర్నాడు పొద్దున్నే దడి అవతల నుంచి తోటికోడలు గొంతు వినిపించింది. గుర్రం పడిపోయి ఉంది, యజమాని లేడు. ఫోన్ చేస్తే, అది వ్యాను ఎక్కలేదనీ, దాని ఎడమ కాలు అయిపోయిందనీ, ఇక తనకు అక్కర్లేదనీ చెప్పి పెట్టేశాడట. ఆ సాయంత్రమే కొత్త కోడలితో వ్రతం. పెళ్ళింటి పెరట్లో గుర్రం చచ్చిపోతే వియ్యాలవారేమనుకుంటారని నా తోటికోడలి భయం. ట్రాక్టరు పిలిపించింది. కాళ్ళకు తాడు కట్టి సరుగుడు తోపులోకి ఈడ్చి పారేయమంది.

నేను దడి దాటి వెళ్ళి గుర్రం పక్కన నిలబడ్డాను. ట్రాక్టరు అతనితో ఒకటే చెప్పాను.

"తాడు కట్టినావంటే నీ బండి నంబరుతో సహా కాయితం పెట్టేత్తాను."

నేను పెడతానని అతనికి తెలుసు. వీధి దీపం గురించి, బస్సు ఆపని డ్రైవరు గురించి, రేషను దుకాణం బల్ల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి గురించి నేను పెట్టిన అర్జీల సంగతి మా మండలంలో తెలియని వాళ్ళు లేరు. సోమవారం అర్జీలు తీసుకునే గదిలో నన్ను చూడగానే గుమస్తా కుర్చీ జరిపి కూర్చుంటాడు. ట్రాక్టరు వెనక్కి పోయింది.

నా తోటికోడలు చేతులు నడుము మీద పెట్టుకుంది. "అయితే నువ్వే ఉంచుకో. నెల్లాళ్ళలో గొయ్యి తవ్వుకుంతావు, సూడు."

గుర్రాన్ని నేను ఉంచుకున్నది జాలితో అని కొందరు అంటారు. జాలి తరవాత వచ్చింది. ఆ మాట ముందు వచ్చింది.

ముందు దాన్ని లేపాలి. పశువుల ఆసుపత్రికి కబురు చేస్తే డాక్టరమ్మ మధ్యాహ్నానికి గానీ రాలేనంది, ఈలోపు ఎలాగైనా కాళ్ళ మీద నిలబెట్టమంది, పడుకుని ఉంటే లోపల పేగులు దెబ్బతింటాయంది. అప్పుడే మా ఇంటికి ఎండుచేపలు తెచ్చే ఆవిడ బుట్టతో వచ్చింది. పరిస్థితి చూసి, బుట్ట అక్కడే దించి, పల్లెకు ఫోన్ చేసింది. అరగంటలో ఆవిడ మొగుడూ, మరో ఆరుగురూ రెండు మోటారు సైకిళ్ళ మీద దిగారు. సముద్రం నుంచి వచ్చిన పడవను ఇసుక మీదికి ఎత్తే మనుషులు వాళ్ళు. గుర్రం కడుపు కింద నుంచి వల తాళ్ళు దూర్చి, రెండు దుంగలకు కట్టి, భుజాలు పెట్టారు. పడవకు వేసే కేకే వేశారు. ఎవరికి ఎంత బరువో, ఎప్పుడు ఊపిరి బిగించాలో వాళ్ళకు చెప్పక్కర్లేదు. మూడో కేకకు గుర్రం లేచి నిలబడింది. నాలుగు కాళ్ళ మీద కాదు, మూడింటి మీద. అలాగే నడిపిస్తూ, సగం మోస్తూ, దడి ఇవతలికి మా పశువుల పాకలోకి తెచ్చారు.

"దీనికన్నా మా పడవే నయమమ్మా, కరవదు" అన్నాడు ఎండుచేపల ఆవిడ మొగుడు, మోచెయ్యి చూసుకుంటూ.

డాక్టరమ్మ గుంటూరు వైపు అమ్మాయి. వచ్చి రెండు నెలలే అయింది. చదువుకున్నప్పుడు రెండు గుర్రాలను చూశానని, ఇది మూడోదని నిజాయితీగా చెప్పింది. అది నాకు నచ్చింది. ఆమెతో వచ్చిన అటెండరు మాత్రం నచ్చలేదు. రిజిస్టరులో ఆవులు, గేదెలు, మేకలు, కోళ్ళు అని గళ్ళున్నాయి, గుర్రానికి గడి లేదు కాబట్టి రాయడం కుదరదన్నాడు. ఇతరములు అని రాయమన్నాను. ఆ గడీ లేదన్నాడు. చివరికి గేదె అని రాశాడు. మా గుర్రం ప్రభుత్వం లెక్కలో ఇప్పటికీ గేదే.

డాక్టరమ్మ ఒళ్ళంతా చూసి, పుళ్ళు కడిగి మందు రాసి, మెట్ల మీద కూర్చుని నాకు వివరంగా చెప్పింది. పుళ్ళు మానతాయి. తిండి పెడితే ఒళ్ళు వస్తుంది. అసలు చిక్కు ఎడమ ముందు కాలు. గుర్రానికి కాలు బాగుంటేనే బతుకు. అది ఆ కాలు నేలకు మోపాలి. ఒక్క కాలు ఎత్తిపెట్టుకుని నెలల తరబడి నిలబడితే, బరువంతా మోసే రెండో ముందు కాలు కూడా పాడవుతుంది.

"వానలు పడేదాకా చూద్దామండీ. అప్పటికి కాలు మోపితే సరే. మోపకపోతే దాన్ని అలా ఉంచడం మనం చేసే పాపం. ఇంజెక్షను చేసేస్తాను."

అప్పటికి ఫాల్గుణం. వానలకు నాలుగు నెలలు.

మర్నాడు బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్ళి యజమానిని పట్టుకున్నాను. గుర్రాన్ని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టమన్నాను. నవ్వుతూ పెట్టాడు. పెట్టేటప్పుడు పక్కనున్న బ్యాండు వాళ్ళతో ఒడియాలో ఏదో అన్నాడు, వాళ్ళూ నవ్వారు. నాకు ఒడియా రాదనుకున్నాడు. మా అమ్మమ్మది ఆ సరిహద్దు ఊరే. "చచ్చిన గుర్రానికి రసీదు అడిగే మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు.

గుర్రాన్ని ఎలా పెంచాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియదని ఒక్కరూ ఒప్పుకోలేదు. కుడితి పెట్టమని ఒకరు, పెడితే చస్తుందని ఒకరు. ముకుతాడు పొడవమన్నాడు మా ఆయన స్నేహితుడు, ఎద్దుకు పొడిచినట్టు. డాక్టరమ్మ తన మేష్టారికి ఫోన్ చేసి అడిగి చెప్పిన ప్రకారం నడిచాను. పచ్చగడ్డి కొంచెం కొంచెంగా, రోజంతా. నానబెట్టిన ఉలవలు మొదట గుప్పెడు, తరవాత రెండు గుప్పెళ్ళు. కింద మెత్తగా ఉండడానికి పీచు మిల్లు దగ్గర గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టు తెచ్చి మోకాలిలోతు పరిచాను. ఆ పొట్టు పట్టుకుపోయినందుకు మిల్లు వాళ్ళు నాకు థాంక్స్ చెప్పారు. నా జీవితంలో అది అరుదైన సంగతి కాబట్టి రాస్తున్నాను.

నీళ్ళ దగ్గర గొడవయింది. మా వైపు బోరు నీళ్ళు ఎవరూ తాగరు. కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మా ఎదురింటాయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. కాబట్టి గుర్రానికి కూడా ప్లాంటు నీళ్ళే పట్టాలని నేను నిశ్చయించాను. ప్లాంటు దగ్గర మనిషి, కార్డుకు రోజుకు ఒక్క డబ్బానే అన్నాడు. గుర్రానికి వేరే ఇవ్వమన్నాను.

"గుర్రం ఆధార్ తెండి, కార్డు రాసేత్తాను" అన్నాడు. వరసలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో చూసి పెట్టుకున్నాను.

మా వాటా డబ్బా తెచ్చి గుర్రం ముందు తొట్టెలో పోశాను. అది వాసన చూసి మొహం తిప్పుకుని, బట్టలు ఉతికే గాబు దగ్గరికి కుంటుకుంటూ పోయి నూతి నీళ్ళు తాగింది. డాక్టరమ్మ కూడా నూతి నీళ్ళు చాలంది. పడిన గొడవంతా వృథా అయింది. ఆ ఆధార్ మాట మాత్రం పోలేదు.

మా ఆయన మెత్తని మనిషి. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నాకు ఎదురు చెప్పిన సందర్భాలు నాలుగు. అయితే ఆయన కూడా తక్కువ తినలేదు. ఒకరోజు జీడి చెట్టు కింద నేల మీద ముగ్గుపిండితో నాలుగు పలకలుగా గీత గీసి ఉంది. ఏమిటని అడిగితే తల గోక్కున్నాడు. "వానల్లో నేల మెత్తబడ్డాక తవ్వుదామని ఇప్పుడే గీసి పెట్టినాను. పెద్ద గొయ్యి కావాల కదా" అన్నాడు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది ఉలవలు అయిపోయాయని చెప్పడానికి.

గిట్టలు కోయడానికి టెక్కలి వైపు నుంచి లాడాలు కొట్టే తాతను పిలిపించాను. సంతల్లో ఎద్దులకు లాడాలు కొట్టి కొట్టి ఆయన చేతులు కర్రల్లా అయిపోయాయి. ఎద్దును ఎలా చేస్తాడంటే, తాళ్ళు వేసి పక్కకు పడదోసి, నాలుగు కాళ్ళూ ఒకచోట కట్టేసి, గిట్టలు పైకి పెట్టించి పని చేస్తాడు. గుర్రాన్ని చూసి ఒకసారి చుట్టూ తిరిగాడు.

"ఎద్దుకు గిట్ట రెండు సీలికలు. దీనికి ఒకటే. సగం పనే కదమ్మా" అన్నాడు, తాడు విప్పుతూ.

దీన్ని పడదొయ్యకూడదని, పడితే మళ్ళీ పల్లె వాళ్ళను పిలవాలని చెప్పాను. నిలబడ్డ జంతువుకు గిట్ట ఎలా కోస్తారన్నాడు. డాక్టరమ్మ తన ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించింది. కాలు వెనక్కి మడిచి, తన రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని చేస్తున్నాడు అందులో మనిషి. తాత మూడుసార్లు చూశాడు. తరవాత పంచె ఎగ్గట్టి, గుర్రం ముందు కాలు మోకాళ్ళ మధ్యకు తీసుకున్నాడు. అది మెల్లగా తన బరువంతా ఆయన నడుం మీద వేసి కళ్ళు మూసుకుంది. ఆయన మూలుగుతూనే గిట్ట చెక్కాడు. సగం పనన్నది ఆ రోజు సాయంత్రం దాకా సాగింది. ఒక్కసారే మొత్తం కోస్తే దెబ్బతింటుందని డాక్టరమ్మ చెప్పడంతో మూడు వారాలకోసారి వచ్చి కొంచెం కొంచెం కోసేలా మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు, అరవై ఏళ్ళుగా ఎద్దులను కట్టి పడేసినందుకు ఇప్పుడు సిగ్గేస్తోందన్నాడు. ఎద్దుల దగ్గర ఆ మాట అనలేదని ఆశిస్తాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. దీన్ని దాచేద్దామనుకున్నాను. కానీ మా ఊళ్ళో ఇది తెలియని వాళ్ళు లేరు, నేను రాయకపోతే వాళ్ళు చెబుతారు.

జీడిపిక్కల పెంకు నుంచి ఒక నల్లని నూనె వస్తుంది. చెక్క పడవలకు పురుగు పట్టకుండా అదే పూస్తారు. తలుపుకు చెద పడితే అదే, పొలంలో తిరిగి మడమలు పగిలితే అదే, మంచం కోడు పుచ్చితే అదే. మడమ పగులుకు పూస్తే మొదట మండుతుంది, తరవాత చర్మం గట్టిపడి పగులు మూసుకుంటుంది. మా అమ్మ పూసుకునేది, నేను పూసుకుంటాను. కోసిన గిట్టలకు అక్కడక్కడా పగుళ్ళు కనిపించాయి. గిట్ట అంటే మడమలాంటిదే కదా అనుకున్నాను. కొబ్బరి పీచు కుంచెలా కట్టి, నాలుగు గిట్టలకూ నల్లగా నిగనిగలాడేలా ఆ నూనె పూశాను. ఎంత బాగా కుదిరిందంటే, మా ఆయన్ని పిలిచి చూపించాను కూడా.

ఆ నూనె గిట్ట మీద ఆగలేదు, పైకీ కిందికీ పాకింది. మర్నాటికి గిట్టకు పైన చర్మం బొబ్బలెక్కింది. గుర్రం పడుకుని ఉంది, లేపినా లేవడం లేదు. పీచు బుట్ట మీద కూర్చుని ఏడ్చాను. నా మీద ఎవరో ఏదో అన్నారని ఏడవడం అలవాటే. నేను చేసినదానికి నేను ఏడవడం అదే మొదలు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. బొబ్బలు చూసి, నా ముఖం చూసి, ఎప్పుడూ ఎవరినీ గట్టిగా అనని పిల్ల అంది.

"అమ్మా, ఇది పడవ కాదండీ."

ఆ మాట నేను ఏ జాబితాలోనూ వేసుకోలేదు. అనాల్సిన మాటే అంది.

బొబ్బలు కడిగి మందు రాస్తూ, అన్ని గిట్టలూ పట్టి చూస్తుంటే, ఎడమ ముందు గిట్ట మిగతా వాటికంటే వేడిగా ఉన్నట్టు ఆమెకు అనిపించింది. పటకారుతో అరికాలు నొక్కింది. ఒకచోట గుర్రం ఒళ్ళంతా అదిరింది. అక్కడ చిన్న కత్తితో గీకుతూ పోతే, నల్లటి చీము బయటికి చిమ్మింది. వాసనకు మా ఆయన పాక బయటికి పోయాడు. ఎన్ని నెలలుగా ఆ చీము లోపల ఉండిపోయిందో, అదే కాలు మోపనివ్వకుండా చేసింది. ఆ చీముతోనే పెళ్ళికొడుకులను మోసింది ఆ గుర్రం. నేను నూనె పూయకపోతే డాక్టరమ్మ ఆ రోజు వచ్చేది కాదు, గిట్టలు పట్టి చూసేదీ కాదు అని తరవాత చాలామందితో అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. మా ఆయన కూడా ఒప్పుకోలేదు.

గిట్టను రోజుకు రెండుసార్లు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. తరవాత మందు పెట్టి, మట్టి తగలకుండా కట్టాలి. ఏ గుడ్డ కట్టినా జారిపోయేది. చివరికి డాక్టరమ్మే, చంటిపిల్లల డైపరు అయితే గిట్టకు సరిగ్గా సరిపోతుందట, మేష్టారు చెప్పారంది. కవిటి మందుల దుకాణంలో పెద్ద ప్యాకెట్టు అడిగాను. అక్కడే ఉంది నా తోటికోడలు, తలనొప్పి మాత్రల కోసం వచ్చి.

"ఈ వయసులో డైపర్లేటక్కా" అని, దుకాణమంతా వినేలా గొంతు తగ్గించింది. "బావగారికా?"

మా ఆయన వారం రోజులు ఆ వీధిలోకి వెళ్ళలేదు.

డైపరు మీద ఆటో టైరు ట్యూబు ముక్క తొడిగి, పీచు తాడుతో కట్టేవాళ్ళం. కట్టడం మా ఆయన పని అయింది. గొయ్యికి గీత గీసిన మనిషి, రోజూ రెండు పూటలా ఆ గిట్ట ఒళ్ళో పెట్టుకుని, దానితో కొబ్బరి ధర గురించి, చెట్లకు పట్టిన తెల్లదోమ గురించి మాట్లాడేవాడు. అది చెవులు తిప్పుతూ వినేది. నేను ఏదైనా చెప్పబోతే మాత్రం చెవులు వెనక్కి వాల్చేది. ఎన్నాళ్ళు చూసినా అంతే. తిండి పెట్టేది నేను, పొట్టు ఎత్తేది నేను, దానికోసం ఊరందరితో తగువు పడింది నేను. అది ప్రేమించింది ఆయన్ని.

వైశాఖం వచ్చేసరికి పక్కటెముకలు కప్పుకున్నాయి. వీపు మీద పుళ్ళు మాని, అక్కడ తెల్లని వెంట్రుకలు కొత్తగా మొలిచాయి. బొబ్బలు ఎండాయి. తాత నాలుగుసార్లు వచ్చి కోశాక గిట్టలు గిట్టల్లా కనిపించాయి. చీము పూర్తిగా పోయిందని, గాయం మూసుకుందని డాక్టరమ్మ చెప్పింది. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. అది ఎడమ కాలు మోపడం లేదు.

నొప్పి ఉండకూడదట. అయినా కొసతో నేలను తాకి నిలబడుతుంది. నడిచేటప్పుడు ఆ కాలు వంతు వచ్చేసరికి తల పైకి ఎగరేసి దాటేస్తుంది. ఎన్నాళ్ళో నొప్పితో బతికిన జంతువుకు ఆ కాలు నమ్మకూడదని అలవాటయిపోయిందని డాక్టరమ్మ అభిప్రాయం. ఆ సంగతి నాకు ఎవరూ వివరించక్కర్లేదు. ఒకసారి బాధపెట్టిన దాన్ని మళ్ళీ నమ్మడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ కుడి ముందు కాలు చీలమండ దగ్గర వాపు మొదలైంది. బరువంతా మోస్తున్నది అదే.

ఇసుకలో నడిపించాం. రోజూ పొద్దున్న తోట చివర ఇసుక బాట మీద, మా ఆయన ముందు పట్టుకుని, నేను వెనక తిట్టుకుంటూ. బెల్లం ముక్క చూపించాం, కొబ్బరి ముక్క చూపించాం. మూడు కాళ్ళ మీద వచ్చి తినేది.

జ్యేష్ఠం చివర్లో మొదటి వాన పడింది. మా ఆయన ఆ వానలో గుమ్మంలో నిలబడి జీడి చెట్టు వైపు చూసి, నేను చూస్తున్నానని లోపలికి వచ్చేశాడు. డాక్టరమ్మ ఫోన్ చేసింది. శుక్రవారం వస్తానంది. ఆ పిల్ల గొంతు కూడా బాగా లేదు. కుడి కాలి వాపు ఎలా ఉందని అడిగింది. పెరిగిందని చెప్పాను. నేను అబద్ధం ఆడను, అదే నా చిక్కు.

గురువారం పొద్దున్న గట్టి వాన కురిసి వెలిసింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నా తోటికోడలు చేతిలో కాగితంతో గుమ్మంలోకి వచ్చింది. పెళ్ళి తరవాత మా గడప తొక్కడం అదే మొదటిసారి.

"నాకు దొంగచాటు పనులు సేతగావు. ఊరి సచివాలయంలో ఇత్తన్నాను, ముందు నీకు సూపిత్తన్నాను. సదువుకో."

నా మీద అర్జీ. ముప్ఫై ఏళ్ళుగా నేను ఊరందరి మీదా పెడుతున్నాను గానీ, నా మీద ఒక్కరూ పెట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మా గుర్రం వాళ్ళ పెరట్లోకి చొరబడి బీర పాదు, ఆనప పాదు, బెండ మళ్ళు తొక్కి నాశనం చేసిందని రాసి ఉంది. ఎప్పుడు, ఎటునుంచి, ఎన్ని మళ్ళు అని లేదు. కింద తేదీ కూడా లేదు.

"ఎటునుంచి వచ్చింది?" అన్నాను.

"దడి మీంచి. ఎగిరి దూకినాది. నా కళ్ళతో సూసినాను."

పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి పరిగెత్తాను. దడి విరగలేదు. నా నడుము ఎత్తుంటుంది అది. అవతల, వానకు తడిసిన నల్లటి మడిలో, నోట్లో ఆనప తీగతో నిలబడి ఉంది గుర్రం. నన్ను చూసి చెవులు వెనక్కి వాల్చింది.

నేను దాని వైపు చూడలేదు. మళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. దూకి దిగిన చోట రెండు ముందు గిట్టల గుర్తులు పక్కపక్కన ఉన్నాయి. కుడిదానిలో వేలు పెట్టాను, రెండో కణుపు దాకా దిగింది. ఎడమదానిలో పెట్టాను. రెండో కణుపు దాకా దిగింది. బెండ మళ్ళ మీదుగా పాకుతూ పోయాను. ప్రతి అడుగులోనూ వేలు పెట్టి చూశాను. నాలుగు కాళ్ళూ, ఒకే లోతు. మొక్కల మీద నడిచిందా, పరిగెత్తిందా చెప్పలేను గానీ, ఒక్క అడుగు కూడా దాటెయ్యలేదు.

"ఏటి సేత్తన్నావక్కా?" అంది తోటికోడలు. ఆవిడ గొంతులో కోపం పోయి భయం వచ్చింది.

"ఇది రాయలేదేటి నువ్వు? గిట్టలు సమానంగా దిగినాయని రాయాల. కొలత రాయాల. ఇలాగిత్తే ఆల్లు పక్కన పడేత్తారు."

మా ఆయన గోచీ బిగించి వచ్చాడు, గుర్తులు చూశాడు, చూసి ఆనప తీగ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. గుర్రం ఆయన భుజం మీద తల పెట్టి నమలడం సాగించింది.

ఆవిడను మా ఇంటికి తీసుకెళ్ళి, కుర్చీ వేసి, టీ ఇచ్చాను. కొత్త కాగితం తీసి మొత్తం తిరగరాశాను. తేదీ, సమయం, దడి ఎత్తు, పాదుల సంఖ్య, గిట్టల లోతు. 'సదరు గుర్రం తన నాలుగు కాళ్ళనూ పూర్తిగా ఉపయోగించి' అని ఒక వాక్యం పెట్టాను. ఎదుటి కక్షిదారుగా నా పేరు రాసి, చెప్పినవన్నీ నిజమని కింద నేనూ సంతకం పెట్టాను. ఆవిడ కాగితం పట్టుకుని చాలాసేపు చూసింది. తన జీవితంలో ఇంత బాగా ఎవరూ తన తరఫున రాయలేదంది. ఆ ఒక్క మాటా ఆవిడ ఖాతాలో మంచి వైపు రాసుకున్నాను.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. మందుల పెట్టె స్కూటరు మీదే వదిలి, చేతులు ఖాళీగా నడుచుకుంటూ వచ్చింది, ముందు చూడాలనుకుందట. ఇసుక బాట మీద మా ఆయన గుర్రాన్ని ఒకసారి నడిపించాడు, ఒకసారి పరిగెత్తించాడు. ఆయన పరిగెత్తడం నేను పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు. ఆ పిల్ల వంగి ఎడమ గిట్ట చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత అర్జీ నకలు ఉందా అని అడిగింది, ఆసుపత్రి ఫైల్లో పెట్టుకుంటానంది. నా దగ్గర ఎప్పుడూ మూడు నకళ్ళు ఉంటాయి. ఒకటి ఇచ్చాను.

అసలు అర్జీ నా తోటికోడలు సచివాలయంలో ఇచ్చింది. ఇచ్చి ఏడాది దాటింది. మా మీద ఇంతవరకూ ఎవరూ ఏ చర్యా తీసుకోలేదు, కనీసం వచ్చి చూడలేదు. నేను రెండుసార్లు వెళ్ళి అడిగాను. సోమవారం మళ్ళీ వెళుతున్నాను.